సైరోస్ వెనక సీటు నిజంగా పనికొస్తుందా?

ప్రశ్న
పాత హ్యాచ్‌బ్యాక్ ఇచ్చేసి కియా సైరోస్ తీసుకుందామని చూస్తున్నా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇప్పుడున్న కార్లోంచి దిగాలంటే నేను అటు తిరిగొచ్చి చెయ్యి పట్టి లేపాల్సిందే. నెలకోసారి ఊరెళ్తాం, వచ్చేటప్పుడు బియ్యం మూట, పచ్చడి జాడీలు తప్పవు. మా ఆవిడ ఫొటో చూసి "ఇదేంటి, అంబులెన్సా?" అంది. వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందంటున్నారు, దాని వల్ల ఉపయోగం ఉందా?

జవాబు 1
అంబులెన్స్ అంటే మా అనంతపురం వాళ్లం ఊరుకోం అన్నా, అది మా పెనుకొండ దగ్గర తయారయ్యే బండి :) నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరుగుతుంది కాబట్టి పొడవు 3,995 మి.మీ. దగ్గర ఆపేశారు, ఇక లోపల చోటు కావాలంటే పైకి లేపడమే దారి, అందుకే ఎత్తు 1,680 మి.మీ. ఆ ఎత్తే అమ్మకి మేలు, కిందికి కూలబడే పని ఉండదు, పక్కకి తిరిగి అలా ఆనుకుంటే సీట్లో ఉంటారు.

వెనక సీటు 60:40గా, అంటే ఒక పెద్ద భాగం ఒక చిన్న భాగంగా విడివిడిగా జరుగుతుంది, వాలుతుంది కూడా. మొత్తం వెనక్కి నెడితే డిక్కీ 390 లీటర్లు, ముందుకి లాగితే 465. అమ్మ వైపు వెనక్కి నెట్టేసి పిల్లల వైపు ముందుకి లాగితే మూట ఆ వైపు పెట్టుకోవచ్చు.

జవాబు 2
బేస్ మోడల్లో ఆ సీటు రాదు, వేరియంట్ చూసుకుని అడ్వాన్స్ కట్టండి. ఆరు ఎయిర్‌బ్యాగులు మాత్రం అన్నింట్లో ఉన్నాయి, భారత్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టులో 5 స్టార్లు కూడా వచ్చాయి. తలుపు హ్యాండిళ్లు బాడీలో కలిసిపోయి ఉంటాయి, చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ షోరూంలో అమ్మగారి చేతే ఒకసారి తీయించండి. పనోరమిక్ సన్‌రూఫ్ పిల్లలకి సరదా, మన మే నెలలో మాత్రం తెర మూసుకునే తిరుగుతారు. పై వేరియంట్లలో వెనక సీటుకీ వెంటిలేషన్ (సీట్లోంచే గాలి ఆడటం) ఉంది, నన్నడిగితే సన్‌రూఫ్ కంటే అదే ముఖ్యం.

జవాబు 3
ఇంజిన్ సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్రోల్ 1.0 లీటర్ టర్బో, శక్తి 120 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటిదే), డీజిల్ 1.5 లీటర్. మైలేజీ కంపెనీ లెక్కలో మాన్యువల్ గేర్ల పెట్రోల్‌కి లీటరుకి 18.20 కిలోమీటర్లు, డీజిల్‌కి 20.75. రోజూ స్కూలు, కూరగాయలు అని నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లకి డీజిల్ వద్దంటాను. డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టి ఆపే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలాలంటే బండి హైవే మీద కాసేపు వేడిగా పరిగెత్తాలి. నా పాత డీజిల్ బండిలో (ఇది కాదు లెండి) ఫిల్టర్ నిండిందని హెచ్చరించే లైటు వెలిగినప్పుడల్లా పనిలేకపోయినా బైపాస్ మీద తిప్పి రావాల్సొచ్చేది.

ఇంకోటి, వెడల్పు 1,805 మి.మీ., అద్దాలు కాకుండా. గేటు కొలిచారా?

అడిగిన వ్యక్తి
ఇప్పుడే టేపు పెట్టి చూశా, గేటు ఏడడుగులు. బండి లోపలికి పడుతుంది గానీ గోడ వైపు తలుపు పూర్తిగా తెరుచుకోదు, అమ్మని గేటు బయటే దించాలి. ఆదివారం తనని షోరూంకి తీసుకెళ్తున్నా. బియ్యం మూట కూడా పట్టుకెళ్లనా?

జవాబు 1
పట్టుకెళ్లండి, తప్పేముంది!