సమస్యాపూరణం: “ముక్కు ముక్కుఁ దాఁకి ముగిసెఁ బగలు”

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. విషయం న్యూజీలాండ్ మావోరీల పలకరింపు, హొంగి. ముక్కులు రుద్దుకోవడం అని చాలామంది రాస్తుంటారు. రుద్దడం కాదు, ముక్కూ నుదురూ మెల్లగా ఆనించి ఒక్క క్షణం ఊపిరి కలుపుకోవడం. తానె అనే దేవుడు మట్టితో తొలి స్త్రీని చేసి ఆమె ముక్కుపుటాల్లోకి ఊపిరి ఊదాడని వాళ్ల పురాణగాథ. అన్నట్టు, మావోరీ మాటలు మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. పేర్లు ఛందస్సులో ఇమడలేదనే సాకు ఈసారి చెల్లదు!

గోదారిగట్టు:
నేల నున్న కొమ్మ నెమ్మితోడుత నెత్తి
పిలుపు విన్న యతిథి పెద్దఁ జేర
నూపిరొక్కటయ్యె నుల్లమ్ము లొక్కటై
ముక్కు ముక్కుఁ దాఁకి ముగిసెఁ బగలు

తేటనీరు: ధార బాగుంది. కొమ్మ ఏమిటో అర్థం కాలేదు.

గోదారిగట్టు: అది ‘వెరొ’ అండి. అతిథులు వాకిట్లోకి రాగానే ఒక యోధుడు ఈటె తిప్పుతూ ఎదురొచ్చి, ఓ కొమ్మనో చెక్కిన చిన్న బాణాన్నో నేలమీద పెడతాడు. దాన్ని తీసుకుంటే గొడవకి రాలేదని అర్థం. ఆ తర్వాత ఆడవాళ్లు గొంతెత్తి రమ్మని పిలుస్తారు. రెండో పాదంలో పిలుపు అదే.

పెసరట్టు: నేను ‘పగలు’ని పట్టపగలు చేసేశాను.
వందమంది వరుస వాకిట నిలిచిరి
యొక్క రొకరితోడ నుదురు గలిపి
కడపటతనిఁ జేరి కనులెత్తి చూడఁగా
ముక్కు ముక్కుఁ దాఁకి ముగిసెఁ బగలు

నిర్వాహకుడు: హాయిగా నవ్వుకున్నాను. కానీ రెండో పాదంలో యతి తప్పింది. ‘యొక్క’లోని ఒకారానికి ‘నుదురు’ చెల్లదు, ఆ నకారం పదంలోదే కదా. “నుదురు మోపి మోపి నూఱుమారు” అంటే సరిపోతుంది.

పెసరట్టు: మోపి మోపి! ముక్కు నొప్పి కూడా వినిపిస్తోంది. మార్చేశాను.

తేటనీరు: నాది చరిత్ర.
పరిహకానఁ బిల్లపాపలు పాడుచు
రొట్టె లొసఁగిరంట రోషముడిగి
గన్ను దించి దొరలు కౌఁగిలింపఁగ వచ్చి
ముక్కు ముక్కుఁ దాఁకి ముగిసెఁ బగలు

గోదారిగట్టు: మొదటి రెండు పాదాలు నిజం. మూడోది మాత్రం మీరు కోరుకున్నది, జరిగింది కాదు. ప్రభుత్వం లాక్కున్న భూమిని పరిహక అనే మావోరీ ఊరివాళ్లు 1879లో ఆయుధం పట్టకుండా నాగళ్లతో దున్ని నిరసన తెలిపారు. 1881 నవంబర్ 5న దాదాపు 1600 మంది సాయుధులు ఊరిమీద పడ్డారు. పిల్లలు పాటలతో ఎదురెళ్లారు. అయినా తె ఫితి, తోహు కాకహి అనే పెద్దలిద్దరినీ పట్టుకుపోయి విచారణ లేకుండానే నిర్బంధించారు, ఇళ్లు కూల్చారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. అంత బాధని కౌగిలితో కప్పేస్తే ఎలా?

తేటనీరు: ఒప్పుకుంటున్నాను. పద్యం బాగా కుదిరేసరికి ఆగి చూసుకోలేదు. మొదటి రెండు పాదాలూ ఉంచి, మూడోది మార్చాను:
యిండ్లు కూల్చి పెద్ద నీడ్చిరే! యెచ్చోట
ముక్కు ముక్కుఁ దాఁకి ముగిసెఁ బగలు?

నిర్వాహకుడు: ‘యెచ్చోట’ పడగానే సమస్య ప్రశ్నగా మారిపోయింది. ఈ వారం నా ఓటు దీనికే. ‘గన్ను’కి ‘కౌఁగిలి’తో వేసిన యతి పోయిందని మాత్రం కొంచెం బాధగా ఉంది.