‘జు-ఓన్’కి తెలుగులో ఏ మాట? శాపమా, పగా, ఉసురా?

మిత్రులకు నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మా స్నేహితులం కొందరం నెలకో విదేశీ సినిమా చూస్తుంటాం. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాస్తుంటాను. ఈసారి వంతు జపాన్ దెయ్యం సినిమా ‘జు-ఓన్’ది. షిమిజు తకాషి 2002లో తీసినది, జపాన్‌లో 2003 జనవరిలో హాళ్ళకి వచ్చింది. అంతకు ముందు 2000లో ఆయనే ఇదే పేరుతో, థియేటర్ ఊసు లేకుండా, నేరుగా వీడియోగా అమ్మడానికి చాలా తక్కువ డబ్బుతో తీశాడు. టోక్యోలో ఒక మామూలు మేడ ఇల్లు, ఒళ్ళంతా తెల్లరంగు పూసిన ఒక పిల్లాడు, ఒక నల్లపిల్లి, మెట్ల మీద పాక్కుంటూ దిగే కయాకో అనే ఒక ఆడమనిషి. సరంజామా అంతే. ఇదే కథని 2004లో హాలీవుడ్ కోసం కూడా ఆయనే తీశాడు.

నా ఇబ్బంది సినిమా మొదట్లోనే ఉంది. తెర మీద నాలుగు వాక్యాలు పడతాయి. వాటి సారం ఇది: తీవ్రమైన కసితో చనిపోయినవాళ్ళ శాపం ‘జు-ఓన్’. బతికుండగా వాళ్ళు మసలిన చోట అది పేరుకుపోయి కర్మ అవుతుంది. దాన్ని తాకినవాళ్ళు ప్రాణం పోగొట్టుకుంటారు. అక్కడ మళ్ళీ కొత్త శాపం పుడుతుంది.

జపనీయులు రోజూ మాట్లాడుకునే మాట కాదిది. రెండు అక్షరాలు కలిపి కట్టిన పేరు. మొదటి అక్షరం ‘జు’లో ఎడమపక్క నోటి గుర్తు ఉంటుంది. నోటితో చేసే పని కదా, శపించడం. రెండో అక్షరం ‘ఓన్’ అడుగున గుండె గుర్తు ఉంటుంది. మనసులో పెట్టుకున్న కక్ష. అంటే నోరూ గుండే కలిస్తే ఈ మాట.

ముందు ‘శాపం’ అని రాసుకున్నాను. రెండో రోజుకే కొట్టేశాను. మన శాపానికి పెట్టినవాడు ఉంటాడు, పడ్డవాడు ఉంటాడు, చాలాసార్లు గడువు కూడా ఉంటుంది. శమీకుడి మెడలో చచ్చిన పామును వేసినందుకు పరీక్షిత్తును శృంగి శపించాడు: ఏడు రోజులు, తక్షకుడు. అంతా లెక్క ప్రకారం. అహల్య శాపానికి విమోచనం ఉంది. ఈ సినిమాలో విమోచనం అన్న ఊహే లేదు. పైగా చచ్చిపోయిన కయాకో ఎవర్నీ శపించదు. ఆమె నోటి నుంచి శాపం మాట ఒక్కటీ రాదు.

‘పగ’ అందామంటే, పగకి గురి తప్పదు. పాము పగ అన్నా కొట్టినవాణ్ణే వెతుక్కుంటూ వస్తుందంటారు. ఇక్కడ రికా అనే అమ్మాయి చేసిన పాపమేమిటి? మంచాన పడ్డ ముసలావిడను చూసుకోవడానికి సాయంగా ఆ ఇంటికి వెళ్ళింది. గడప దాటింది. అంతే.

అందుకే నాకు ‘ఉసురు’ దగ్గర మనసు ఆగింది. మా అమ్మమ్మ ఎవరినైనా అన్యాయం చేశారని వింటే పెద్దగా తిట్టేది కాదు. చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, “ఆ పిల్ల ఉసురు ఊరికే పోదు” అనేది. ఎవరి మీద అన్నదో చెప్పేది కాదు, ఎప్పుడు తగులుతుందో చెప్పేది కాదు. ఆ మాట విన్న రాత్రి నాకు భయంగా ఉండేది. ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు వేసిన భయం సరిగ్గా అదే.

ఇంకో సంగతి. ఉసురంటే ముందు ఊపిరి, ప్రాణం. కన్నడంలో ఉసిరు అంటే ఇప్పటికీ ఊపిరే. తమిళంలో ఉయిర్ ప్రాణం. మనం ఒకే మాటతో మూడు పనులు చేయిస్తాం: ఉసురు తీయడం అంటే చంపడం, ఉసురు పోసుకోవడం అంటే ఆ పాపం మూటగట్టుకోవడం, ఉసురు తగలడం అంటే అది తిరిగొచ్చి పడటం. హత్య నుంచి ఫలితం దాకా ఒకే మాట. కయాకోకి మిగిలింది కూడా ఊపిరే. మొగుడు అనుమానంతో ఆమెను చంపాడు. తర్వాత ఆమె వచ్చిన ప్రతిసారీ ముందు వినిపించేది గొంతులో తెగి తెగి వచ్చే ఆ చప్పుడు, తలుపు కీలు మెల్లగా కిర్రుమన్నట్టు, పోయేముందు మనిషి గొంతులో పలికే గురక లాగా. ఆ చప్పుడుకి నాకు తెలుగులో దొరికిన పేరు ఉసురే.

ఇది సరైనదేనా? లోటు ఎక్కడుందో చెప్పండి.

*వ్యాఖ్య:*
ఉసురు బాగుందండీ. మా కరీంనగర్ దిక్కు కూడా “ఉసురు తగుల్తది” అంటరు. కానీ ఒక చిక్కు. ఉసురు తప్పు చేసినవానికి తగులుతుంది, లేకపోతే వాని పిల్లలకు తగులుతుంది. సంబంధం లేనివాళ్ళకు తగలదు. మీరు పగను పక్కన పెట్టిన కారణమే దీనికీ వర్తించదా?

*జవాబు:*
వర్తిస్తుంది, అది నిజంగా లోటే. నేను ఇలా ఆలోచించాను. పగ పట్టాలంటే పట్టినవాళ్ళకి తెలిసి పట్టాలి. ఉసురు అలా కాదు. నోరులేని గొడ్డుకి కూడా ఉసురు ఉందంటాం. అది ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు, దానంతట అది తగులుతుంది. ఈ సినిమాలో దెయ్యం స్వభావం అదే. కయాకో మనుషుల్ని ఎంచుకోదు. సినిమా కూడా రికా, కత్సుయా, హితోమి, తోయామా, ఇజుమి, కయాకో అని ఒక్కొక్కరి పేరుతో ముక్కలు ముక్కలుగా, కాలం వెనకా ముందూ అయి నడుస్తుంది. ఎవరి ముక్కలో వాళ్ళు ఒంటరిగా దొరికిపోతారు.

హితోమి ముక్క చూడండి. ఆఫీసులో భయపడి ఇంటికి పరుగెత్తింది. తలుపు వేసుకుంది, టీవీ పెట్టింది, మంచం ఎక్కి దుప్పటి కప్పుకుంది. చిన్నప్పుడు మనమందరం చేసినదే. దుప్పటి లోపల ఉంటే ఏదీ రాదని మనకో నమ్మకం. ఆమె దుప్పటి ఎత్తి లోపలికి చూస్తే కయాకో మొహం అక్కడే ఉంది. ఆ గదికి కయాకో బతికుండగా ఎప్పుడూ రాలేదు. హితోమితో పాటు వచ్చింది. మైల అంటినట్టు అంటుకుని వచ్చింది. మైలకి కూడా మనిషి మంచిచెడ్డలతో పని లేదు కదా.

*వ్యాఖ్య:*
అయ్యా, ‘జు’ గురించి ఒక మాట. దాన్ని శాపం అని మాత్రమే తీసుకోకండి. బౌద్ధ గ్రంథాల చైనా అనువాదాల్లో ‘మంత్రం’ అనే సంస్కృత పదానికి వాడింది ఈ అక్షరమే. ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రంలో ‘మహామంత్రం’ అన్నచోట ఇదే ఉంటుంది. ఆ పాఠం మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళిన హ్యూయన్‌త్సాంగ్ పేరు మీదే ఉంది. జపాన్ గుళ్ళలో ఈనాటికీ చదువుతారు. అదే అక్షరాన్ని ‘నొరోయి’ అని చదివితే శాపం, ‘మజినాయి’ అని చదివితే రక్ష కోసం చేసే చిన్న తంతు.

*జవాబు:*
మాస్టారూ, ఇది నాకు తట్టలేదు. చాలా సంతోషం. మన దగ్గర కూడా మంత్రం అలాంటిదే కదా. తేలు కుట్టినా మంత్రం వేస్తారు, కీడు చేయడానికీ మంత్రం వేస్తారు. మీరు బౌద్ధం ఎత్తారు కాబట్టి ఇదీ చెప్పాలి: తెర మీది వాక్యాల్లో ‘కర్మ’ అని నేను రాసినచోట జపనీస్‌లో ‘గో’ అని ఉంది. సంస్కృత ‘కర్మ’కి చైనావాళ్ళు పెట్టిన అక్షరానికి జపాన్ ఉచ్చారణ అది. కాబట్టి అక్కడ కర్మ అనడం నా కవిత్వం కాదు, మనవైపు నుంచి వెళ్ళిన మాట తిరిగి ఇంటికి వచ్చింది. అయితే మనం ‘నా కర్మ’ అంటే ఎవరిది వారికే. అక్కడ కర్మ ఒక ఇంటి గోడలకి పట్టింది. అది చదివి చాలాసేపు అలా ఉండిపోయాను.

*వ్యాఖ్య:*
అన్నా, ఇలాంటి ఆడవాళ్ళని మన ఊళ్ళలో పేరంటాలు చేసి గుడి కడతారు కదా. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరంటాలు లేదూ? అన్యాయంగా పోయిన మనిషిని ఊరంతా కలిసి పసుపు కుంకుమలతో చల్లబరుస్తారు. జపాన్‌లో అలాంటిది లేదా?

*జవాబు:*
ఉంది తమ్ముడూ, పాతకాలం నుంచీ ఉంది. కక్షతో చనిపోయి తిరిగొచ్చేవాళ్ళని ‘ఓన్ర్యో’ అంటారు. ‘జు-ఓన్’లోని ‘ఓన్’ అదే. సుగవరా నో మిచిజానె అని గొప్ప పండితుడు, మంత్రి. లేనిపోని నింద వేసి దజాయిఫుకి పంపేశారు, 903లో అక్కడే పోయాడు. 930లో రాజప్రాసాదం మీద పిడుగు పడి పెద్దమనుషులు చనిపోయారు. అది ఆయన కోపమేనని వణికిపోయారు. క్యోటోలో కితానో గుడి కట్టి దేవుణ్ణి చేశారు. ఇప్పుడు పరీక్షల ముందు పిల్లలు ఆయనకే మొక్కుకుంటారు. 1825లో కబుకి రంగం మీదకి వచ్చిన యోత్సుయా దెయ్యం కథలో ఓయివా కూడా మొగుడి చేతిలో మోసపోయి చచ్చిన ఇల్లాలే. ఆ నాటకం వేసేముందు నటులు ఆమె గుడికి వెళ్ళి దండం పెట్టుకోవడం ఆనవాయితీ.

కయాకోకి మాత్రం ఎవరూ గుడి కట్టలేదు. ఇంటికి కొత్తవాళ్ళు వచ్చారు, సామాను సర్దుకున్నారు, ఎవరూ ఆమె పేరెత్తి ఒక దీపం పెట్టలేదు. తరతరాలుగా చల్లార్చే పద్ధతి తెలిసిన దేశంలో చల్లార్చే మనిషి లేని దెయ్యం. నాకు ఇందులో భయం కన్నా బాధే ఎక్కువ.

*వ్యాఖ్య:*
‘చనిపోయినవాళ్ళు’ అని రాశారు. మూలంలో ఏముంది? మనిషి అనా?

*జవాబు:*
మంచి ప్రశ్న అక్కా. ‘మోనో’ అని ఉంది. దాన్ని ఒక అక్షరంతో రాస్తే మనిషి, ఇంకో అక్షరంతో రాస్తే వస్తువు. సినిమాలో రెండూ వాడకుండా, ఏదో తేలకుండా ఉత్త ధ్వనిగా, పలుకుబడిని మాత్రమే చూపే కతకానా అనే లిపిలో రాశారు. ఇంగ్లీషులో ఇది తేవడం కష్టం. మన తెలుగుకి అసలు కష్టమే లేదు. ‘పోయింది’ అంటే ఆడమనిషి పోయినా అదే, పిల్లి పోయినా అదే, వస్తువు పోయినా అదే. ‘పోయినది’ అంటే సరిపోతుంది. మీరు అడక్కపోతే ‘వాళ్ళు’ అనే ఉంచేసేవాణ్ణి.

*వ్యాఖ్య:*
‘పేరుకుపోయి’ బదులు ‘ఇంకిపోయి’ అంటే? ఉసురు గోడల్లోకి ఇంకుతుంది అంటే వినడానికి బాగుంది.

*జవాబు:*
వినడానికి బాగుందండీ, కానీ ఇంకితే కనబడకుండా పోతుంది. అక్కడి మాటకి అర్థం పొర మీద పొరగా పోగవడం. వచ్చి చచ్చిన ప్రతి మనిషితోనూ ఇంకాస్త పెరుగుతుంది. పేరుకోవడమే ఉంచుతాను.

అందరి మాటా విన్నాక శనివారం తెర మీద వేయబోయేది ఇది:

ఉసురు.
పట్టరాని కసితో పోయినదాని శాపం.
బతికుండగా మసలిన చోట అది పేరుకుని కర్మ అవుతుంది.
దాన్ని తాకినది ప్రాణం పోగొట్టుకుంటుంది.
కొత్త ఉసురు పుడుతుంది.