బర్మింగ్‌హామ్‌లో మొదటి క్రిస్మస్ సెలవులు: ఇంగ్లీషు మాట్లాడటం కూడా అలవాటయ్యేలా ఎలా గడపాలి?

ప్రశ్న (నల్గొండ, ప్రస్తుతం బర్మింగ్‌హామ్)

అన్నలకీ అక్కలకీ నమస్కారం. జనవరిలో నా మాస్టర్స్ మొదలవుతుంది. దానికి ముందు అక్టోబర్ నుంచి ఇక్కడే ప్రీ-సెషనల్ ఇంగ్లీషు కోర్సు చేస్తున్నాను. డిసెంబర్ మధ్యలో క్లాసులు అయిపోతాయి. మా ఇంట్లో అందరం తెలుగువాళ్లమే. సెలవులకి మిగతావాళ్లు లండన్‌లో చుట్టాల ఇళ్లకి వెళ్తున్నారు, నేనూ ఇంకో ఫ్రెండూ మాత్రం ఇక్కడే ఉంటున్నాం.

చదవడం, రాయడం నాకు పర్వాలేదు. మాట్లాడటమే కష్టంగా ఉంది. ఎదుటివాళ్లు మామూలు వేగంతో మాట్లాడితే సగమే అర్థమవుతోంది. జవాబు మనసులో కూర్చుకునేలోపు మాట ఇంకెక్కడికో వెళ్లిపోతోంది. సెలవుల్లో రోజూ ఎవరో ఒకరితో ఇంగ్లీషులో మాట్లాడమని టీచర్ చెప్పారు. ఎవరితో మాట్లాడాలో తెలియట్లేదు.

క్రిస్మస్ అంటే ఇక్కడ పెద్ద పండగ కదా, దూరంగా నిలబడి చూడాలని లేదు. మేం హిందువులం, చర్చికి వెళ్తే ఏమైనా అనుకుంటారా? 25న ఏం తెరిచి ఉంటాయి? ఎవరైనా భోజనానికి పిలిస్తే ఎలా మసలుకోవాలి? ఇంకో విషయం, ఒక రెస్టారెంట్‌లో సెలవులంతా ఫుల్ టైమ్ పనికి రమ్మంటున్నారు. వెళ్లొచ్చా? పెద్దగా ఖర్చు పెట్టుకోలేను.

జవాబు (గుంటూరు, చాలా ఏళ్లుగా బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్‌లో)

తమ్ముడూ, ముందు ఒక సంగతి తెలుసుకో. ఇక్కడ బయట కనిపించే సందడంతా 24 సాయంత్రంతో సరి. 25న పండగ ఇళ్లలోకి వెళ్లిపోతుంది, రోడ్లు ఖాళీ. మన సంక్రాంతిలా ఆ రోజు వీధుల నిండా జనం ఉంటారనుకుని బయల్దేరిన పిల్లలు దిగులుతో తిరిగొస్తారు. కాబట్టి తిరగాల్సిందంతా ఇప్పుడే, డిసెంబర్ మొదటి మూడు వారాల్లోనే తిరిగెయ్.

నిన్ను మొట్టమొదట వెళ్లమనేది క్యారల్ సర్వీస్‌కి, అంటే క్రిస్మస్ పాటలు పాడే ప్రార్థనకి. చర్చిల్లోనూ, యూనివర్సిటీ చాప్లెన్సీలోనూ (క్యాంపస్‌లో ప్రార్థనలు, విద్యార్థుల బాగోగులు చూసే చోటు), సిటీ సెంటర్‌లోని కథీడ్రల్ అనే పెద్ద చర్చిలోనూ డిసెంబర్‌లో ఇవి ఉంటాయి. సాధారణంగా డబ్బులు కట్టక్కర్లేదు. చివర్లో చందా పళ్లెం వస్తే ఒక పౌండ్ వేసినా చాలు, వెయ్యకపోయినా ఎవరూ అడగరు. నువ్వు ఏ మతమని కూడా ఎవరూ అడగరు. ఏడాదంతా చర్చి గడప తొక్కని ఇంగ్లీషువాళ్లు కూడా ఆ రోజు వచ్చి పాడతారు.

భాష నేర్చుకునేవాళ్లకి అది ఎందుకు మంచిదో చెప్తాను. లోపలికి వెళ్లగానే చేతికి ఒక అచ్చుకాగితం ఇస్తారు. పాటలు, బైబిల్ భాగాలు వరసగా అందులో ఉంటాయి. చదివేవాళ్లు నిలబడి నింపాదిగా, స్పష్టంగా చదువుతారు, నీ కళ్ల ముందు అక్షరాలు ఉంటాయి. పాటలైతే వందమందితో కలిసి పాడతావు. తప్పు పలికినా ఎవరికీ వినిపించదు, సరిగ్గా ఎలా పలకాలో మాత్రం నీ చెవిన పడుతుంది. మా గుంటూరు సంఘాల్లో పాడే క్రిస్మస్ పాటలు కొన్ని ఈ ఇంగ్లీషు క్యారల్స్ రాగాల్లోనే ఉంటాయి. మొదటి ఏడాది ఇక్కడ ఆ రాగం వినగానే నాకు మా ఇంటి మీద వెలిగే స్టార్, రాత్రిళ్లు క్యారల్స్ రౌండ్స్‌కి వచ్చేవాళ్లు గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది.

అసలు మాటలు సాగేది సర్వీస్ అయ్యాకే. వెనకాల బల్ల మీద టీ, మిన్స్ పైలు (ఎండు పండ్లు కూరిన చిన్న తీపి పిండివంట) పెడతారు. ఆ టీ పోసే పెద్దవాళ్ల దగ్గర నిలబడు. వాళ్లకి తొందరేం ఉండదు, కొత్తవాళ్లతో మాట్లాడాలనే ఉంటుంది. 'ఈ ఏరియాలో ఎన్నాళ్లనుంచి ఉంటున్నారు? చిన్నప్పుడు ఇక్కడ క్రిస్మస్ ఎలా ఉండేది?' అని అడిగి ఊరుకో, చాలు. పది నిమిషాలు వాళ్లే చెప్తారు. బర్మింగ్‌హామ్ యాస అలవాటు కావాలంటే వాళ్ల మాట వినాల్సిందే.

24న బోర్న్‌విల్ గ్రీన్‌లో సాయంత్రం ఆరుబయట క్యారల్స్ పాడతారు. చాక్లెట్ కంపెనీ యజమాని జార్జ్ క్యాడ్‌బరీ తన ఫ్యాక్టరీ పక్కనే కట్టించిన ఊరు అది. అక్కడి స్కూలు పైన 1906లో పెట్టించిన కారిలన్ గంటలు, అంటే రాగాలు వాయించే గంటల వరస, ఇప్పటికీ మోగుతాయి. సెల్లీ ఓక్ నుంచి రైల్లో ఒక్క స్టేషన్. ఈ ఏడాది టైమ్ ఎన్నింటికో ముందే చూసుకో, రెండు స్వెట్టర్లు వేసుకో. నాలుగు గంటలకే చీకటి పడిపోతుంది, అక్కడ నిలబడితే చలి పాదాల్లోంచి ఎక్కుతుంది.

జవాబు (రాజమండ్రి, బర్మింగ్‌హామ్ సిటీ సెంటర్)

అందరూ ఫ్రాంక్‌ఫర్ట్ క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్లమంటారు. ఇక్కడివాళ్లు జర్మన్ మార్కెట్ అంటారు, న్యూ స్ట్రీట్, విక్టోరియా స్క్వేర్ దగ్గర పెడతారు. ఒక సాయంత్రం వెళ్లండి, దీపాలు చూడముచ్చటగా ఉంటాయి. వేడి పానీయం కొంటే కప్పుకి కూడా డిపాజిట్ తీసుకుంటారు. కప్పు తిరిగిస్తే ఆ డబ్బులు వెనక్కి ఇస్తారు, అడిగి తీసుకోండి. కానీ ఆ తోపులాటలో, ఆ గోలలో మాటలు సాగవు, పర్సు మాత్రం ఖాళీ అవుతుంది. ఇంగ్లీషు కోసమైతే నేను అక్కడికి పంపను.

దానికి రెండు నిమిషాల దూరంలో సెయింట్ ఫిలిప్స్ కథీడ్రల్ ఉంది, ప్రవేశం ఉచితం. ఈ ఊళ్లోనే పుట్టిన ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ గీసిన రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి అందులో. ఒకటి క్రీస్తు జననానిది. అది తూర్పు వైపు ఉంటుంది కాబట్టి ఎండ వచ్చిన రోజు పొద్దున్నే వెళ్లండి, ఆ ఎరుపు రంగు వెలుగుతుంది. సందర్శకులతో మాట్లాడటానికి వాలంటీర్లు ఉంటారు చాలాసార్లు. కిటికీ చూపించి 'ఇదేం కథ?' అని అడగండి. ముందున్న బొమ్మనే చూపిస్తూ చెప్తారు కాబట్టి అర్థం కావడం తేలిక.

జవాబు (విజయవాడ, కోవెంట్రీ)

25 గురించి. ఆ రోజు రైళ్లు ఉండవు. బస్సులు కూడా ఉండవనే అనుకుని ప్లాన్ చేసుకో. నేషనల్ ఎక్స్‌ప్రెస్ కోచ్‌లు ఊళ్ల మధ్య కొన్ని నడుస్తాయి, ముందే బుక్ చేసుకోవాలి. 24 సాయంత్రం రైళ్లు త్వరగా ఆగిపోతాయి, 26 బాక్సింగ్ డే నాడు కూడా చాలా రూట్లలో నడవవు. లండన్ వెళ్లే మీ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పు, 25న అక్కడ ట్యూబ్ (భూగర్భ రైలు) కూడా బంద్.

280 చదరపు మీటర్లు దాటిన పెద్ద షాపులు ఇంగ్లండ్‌లో ఆ రోజు తెరవకూడదని 2004లో చేసిన చట్టం ఉంది. మూలమీద చిన్న కొట్టు తెరిస్తే తెరవొచ్చు. పాలు, బియ్యం, కూరగాయలు 23కల్లా తెచ్చిపెట్టుకో. పండగ వారంలో సూపర్‌మార్కెట్లు క్యారెట్లు, బంగాళాదుంపలు బాగా చవగ్గా ఇస్తుంటాయి, అప్పుడు కొనుక్కో. రోజూ వేసుకునే మందులుంటే జీపీ (మన ఏరియా డాక్టర్ క్లినిక్) మూసేలోపు తెచ్చుకో. ఒంట్లో బాగోకపోతే వైద్య సలహా ఇచ్చే 111కి ఫోన్ చెయ్యాలి, ప్రాణాపాయమైతే 999.

జవాబు (ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉద్యోగిని)

రెస్టారెంట్ పని గురించి దయచేసి జాగ్రత్తగా ఉండండి. ఎన్ని గంటలు చెయ్యొచ్చన్నది మీ ఈవీసాలో (ఆన్‌లైన్ వీసా రికార్డులో) రాసి ఉంటుంది. డిగ్రీ స్థాయి, ఆపై కోర్సులకి సాధారణంగా టర్మ్‌లో వారానికి 20 గంటలు, అంతకన్నా కింది స్థాయి కోర్సులకి 10. ఫుల్ టైమ్ చెయ్యొచ్చనేది యూనివర్సిటీ అధికారికంగా ప్రకటించిన సెలవుల్లోనే. మీ క్లాసులు అయిపోయినంత మాత్రాన వీసా లెక్కలో సెలవు మొదలైనట్టు కాదు. ప్రీ-సెషనల్‌కీ మాస్టర్స్‌కీ మధ్య ఖాళీ ఉన్నవాళ్లకి ఇక్కడే టెన్షన్ వస్తుంది. 'మీరు సెలవుల్లో ఉన్నారు కదా, పర్లేదు' అని రెస్టారెంట్ ఓనర్ చెప్తే నమ్మకండి. తేదీలు రాసి మీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి, జవాబు రాతలో తీసుకోండి. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా ఆఫీసులు మూసి ఉంటాయి, ఈ వారమే అడగండి.

జవాబు (వరంగల్, లెస్టర్‌లో ఉద్యోగం)

భోజనం సంగతి నేను చెప్తాను తమ్ముడూ. హోస్ట్ యూకే అని ఒక చారిటీ ఉంది. విదేశీ విద్యార్థుల్ని ఒక రోజుకో, వారాంతానికో, క్రిస్మస్‌కో ఇక్కడి కుటుంబాల ఇళ్లకి పంపే ఏర్పాటు చేస్తుంది. ఇప్పుడు నడుస్తోందో లేదో, క్రిస్మస్‌కి చోట్లు ఉన్నాయో లేదో వెంటనే చూడు. అది దొరక్కపోతే చాప్లెన్సీని అడుగు, ఊళ్లో ఉండిపోయిన విద్యార్థులకి 25న భోజనం పెట్టే చర్చిలు ఉంటాయి. అక్కడ తినడానికే కాదు, వడ్డించడానికి కూడా పేరివ్వు.

ఎవరైనా పిలిస్తే ఏం తినవో ముందే విడమరిచి చెప్పాలి. 'వెజిటేరియన్' అనో, 'బీఫ్, పోర్క్ తినను, చికెన్, టర్కీ తింటాను' అనో స్పష్టంగా రాయి. మొహమాటపడి ఆ రోజు బల్ల దగ్గర చెప్తే వాళ్లు పాపం బాధపడతారు. చూడ్డానికి తెలియనివి కొన్ని ఉంటాయి: బంగాళాదుంపల్ని బాతు కొవ్వులోనో పశువుల కొవ్వులోనో కాలుస్తారు, టర్కీలో కూరే స్టఫింగ్‌లో పోర్క్ ఉండొచ్చు, పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ అంటే బేకన్ చుట్టిన సాసేజ్‌లు. మిన్స్ పైలో ఇప్పుడు మాంసం ఉండదు, ఎండు పండ్లే, కానీ అందులోనూ క్రిస్మస్ పుడ్డింగ్‌లోనూ సూయెట్ అనే కొవ్వు వేస్తారు. అది వెజిటబుల్‌దా, బీఫ్‌దా అని డబ్బా మీద చూడాలి. పుడ్డింగ్ మీద బ్రాందీ పోసి వెలిగిస్తారు కూడా.

ప్లేటు పక్కన రంగు కాగితం చుట్టిన గొట్టం ఒకటి ఉంటుంది, అదే క్రాకర్. ఒక కొస నువ్వు, ఇంకో కొస పక్కవాళ్లు పట్టుకుని లాగాలి. టప్‌మని పేలుతుంది. లోపల కాగితం కిరీటం, చిన్న బొమ్మేదో, ఒక జోకు చీటీ ఉంటాయి. కిరీటం పెట్టుకో, తాతగార్లు కూడా పెట్టుకుంటారు. చీటీలో జోకు అందరికీ వినిపించేలా చదవాలి. అది ఎలాగూ పేలని జోకే, అందరూ 'ఓహ్' అని మూలగడమే అక్కడి ఆచారం. నీ ఉచ్చారణ ఎవరూ పట్టించుకోరు, ధైర్యంగా చదువు. మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం వస్తుంది. 1932లో రేడియోలో మొదలైన అలవాటు. సబ్‌టైటిల్స్ పెట్టమని అడగొచ్చు, ఏమీ అనుకోరు.

ఇక నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. బల్ల దగ్గర ఎనిమిదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే నీకు అందకపోతే కంగారు పడకు, ఎవరికైనా అంతే. తినడం అవ్వగానే లేచి ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్లు. ఒకరు తోముతుంటే నువ్వు గుడ్డతో తుడువు. అక్కడ ఒక్కరితోనే మాట, చేతిలో పని ఉంటుంది కాబట్టి మధ్యలో మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు. జవాబు ఆలోచించుకోవడానికి ఒక ప్లేటు తుడిచేంత టైమ్ దొరుకుతుంది. నీ సమస్య అదే కదా. చర్చిలో వడ్డించమన్నదీ అందుకే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. ఆఫీసుకి ఈమెయిల్ పెట్టేశాను. చాప్లెన్సీలో వడ్డించడానికి ఇద్దరం పేర్లిచ్చాం. అక్కా, చర్చిలో ప్రసాదంలా ఏదో ఇస్తారట కదా, వద్దంటే తప్పా? అన్నా, మా టీచర్ 27న టీకి పిలిచారు, ఏం తీసుకెళ్లాలి?

జవాబు (గుంటూరు, సెల్లీ ఓక్)

క్యారల్ సర్వీస్‌లో మామూలుగా అది ఉండదు. 24 అర్ధరాత్రి సర్వీస్‌లో ఉంటుంది. నీ చోటులో నువ్వు కూర్చున్నా తప్పులేదు. అందరితోపాటు ముందుకు వెళ్లాలనిపిస్తే రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకో, రొట్టె ఇవ్వకుండా దీవించి పంపిస్తారు.

ఇంకోటి, 25న ఇంటికి పొద్దున్నే ఫోన్ చెయ్. ఇక్కడికీ ఇండియాకీ ఐదున్నర గంటల తేడా. వడ్డన అయ్యాక సాయంత్రం ఆరున్నరకి చేస్తే అక్కడ అర్ధరాత్రి, అమ్మ కంగారు పడుతుంది.

జవాబు (వరంగల్, లెస్టర్)

టీకే కదా, చిన్న స్వీట్ డబ్బా చాలు, మీ బర్మింగ్‌హామ్‌లోనే సోహో రోడ్‌లో దొరుకుతుంది. కాజూ కట్లీ కొనేట్టయితే ఇంట్లో ఎవరికైనా నట్స్ పడవేమో ముందే మెసేజ్ పెట్టి అడుగు, ఇక్కడ ఆ అలర్జీ ఉన్నవాళ్లు ఉంటారు. చెప్పిన టైమ్‌కి ఐదు నిమిషాలు అటూఇటూగా వెళ్లు. మర్నాడు రెండు వాక్యాలతో థ్యాంక్యూ కార్డు చేత్తో రాసి పోస్ట్ చెయ్.