సమస్య: "పాట మూగవోయె పాడుచుండ"

నిర్వహణ, నల్లగొండ:
ఈ వారం పాదం నాలుగు పాదాల ఆటవెలది పద్యంలో చివరిది; ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. సందర్భం కూడా చెప్తాను. మన నకిరేకల్ తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. తనకు ప్రాణమైన జానపద గాయకుడు ముగ్గురి జట్టు విడిచి ఒక్కడే ఆల్బం చేశాడు. ఇక్కడ సాయంత్రం ఏడింటికి విడుదలైతే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. ఆఫీసుకు పోతూ కార్లో విని, నాకు ఇంత పొడుగు మెసేజ్ పెట్టాడు. తిట్లు తీసేస్తే మిగిలింది ఈ పాదం. గాయకుడి పేరు ఎవరూ రాయొద్దు. మొదటి పూరణ తమ్ముడిదే.

డాలస్ (నకిరేకల్):
డప్పు మ్రోత లేదు చప్పట్ల సడి లేదు
వంత పాడు వారు చెంత లేరు
ఒక్క గొంతు మీద నెక్కువ బరువయ్యె
పాట మూగవోయె పాడుచుండ

చెర్వుగట్టు జాతరలో ఆ ముగ్గురూ పాడింది నా ఫోన్లో ఇప్పటికీ ఉంది సార్. మైకు గరగర, పక్కన ఎవరిదో పిల్లాడి ఏడుపు. అయినా అదే వింటాను. కొత్త ఆల్బంలో రాగం ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చే చప్పుడు కూడా కోసేశారు.

నిర్వహణ:
భావం సూటిగా ఉంది. బుర్రకథలో తంబుర పట్టిన కథకుడికి అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇచ్చేదీ వాళ్లే. ఒక్కడే పాడినప్పుడు ఆ సందు పోతుంది. ఆ బరువును మూడో పాదం బాగా పట్టింది. ఒక్కటే పేచీ: "లేరు" తర్వాత "ఒక్క" అని అచ్చుతో మొదలెట్టావు, సంధి కలపకుండా వదిలేసిన విసంధి అది. "చెంత లేమి / నొక్క గొంతు మీద" అంటే సంధీ కుదురుతుంది, కారణమూ తెలుస్తుంది.

మిర్యాలగూడ:
సారూ, నేను ఒప్పుకోను. "లేరు" దగ్గర గొంతు ఆగాలి. "లేమి" అనగానే పద్యం బడిపంతులు చేతికి పోయింది. తమ్ముడూ, నీదే ఉంచుకో. ఇక నాది:

యంత్ర మొకటి వచ్చి మంత్రించి సరిదిద్ద
బొంగురంత పోయె రంగు పోయె
నున్నగైన గొంతు కన్నీటి నెరుగదు
పాట మూగవోయె పాడుచుండ

ఆ యంత్రం ఆటోట్యూన్, 1997లో వచ్చింది. స్వరం కాస్త అటూ ఇటూ అయితే దగ్గరి స్వరానికి లాగి కూర్చోబెడుతుంది. ఆ లాగుడు మరీ వేగంగా పెడితే, స్వరం నుంచి స్వరానికి జారే జారుడు కూడా తప్పు కిందే లెక్క. మన పల్లె పాటలో ఆ జారుడు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? ఆయన ఆస్తే ఆ బొంగురు గొంతు.

నిర్వహణ:
వేలు పెట్టే చోటు లేదక్కా. ఈ వారానికి ఇదే నా ఓటు. "బొంగురంత పోయె రంగు పోయె" పైకి చదివితే చెవికి ఇంకా బాగుంది.

దేవరకొండ (కొత్త సభ్యుడు):
కిన్నెర మెట్లు పన్నెండు చాలును
మీట లెన్ని యున్న పాట రాదు
పెట్టె నిండ నింపి గట్టిగా మ్రోగించ
పాట మూగవోయె పాడుచుండ

నిర్వహణ:
రండి తమ్ముడూ. మొదటి పాదం కుంటింది. "కిన్నె" గలం (గురువు, లఘువు), సరే. తర్వాత "ర మెట్లు" అంటే లఘువు మీద గురువు, అది సూర్యగణం (గలం గానీ మూడు లఘువులు గానీ) కాదు. "కిన్నెరకును మెట్లు పన్నెండు చాలును" అనండి, నడక సర్దుకుంటుంది. పన్నెండు మెట్ల కిన్నెరను ఇక్కడికి తేవడం మాత్రం మంచి ఊహ. ఆ వాద్యంతోనే మన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వెదురు దండె, సొరబుర్రలు, అంతే సరంజామా. "మీట లెన్ని యున్న" అన్నది స్టూడియోకు గట్టి దెబ్బే. మూడో పాదంలో ఏం నింపారో చెప్పలేదు, అక్కడ పద్యం కొంచెం పలచబడింది.

హాలియా:
ఇందరు ఏడుస్తున్నారు, నేను నవ్విస్తా.

యాడు వచ్చి పడెను వాడని సబ్బుది
డబ్బు కట్టకుంటె దెబ్బ యిదియె
చక్కనైన చరణ మొక్కటి రాగానె
పాట మూగవోయె పాడుచుండ

మిర్యాలగూడ:
ఇంట్లో చదివి వినిపించా, అందరూ పడి పడి నవ్వారు. ఛందస్సు కూడా పక్కాగా ఉంది. ఈ అన్న నెలకు ఒక్కసారి వస్తాడు, వచ్చి మార్కులన్నీ ఎత్తుకుపోతాడు.

పాలమూరు:
అందరూ గాయకుణ్ణే ఆడిపోసుకుంటున్నారు. నేను ఆయన తరఫున రాశా.

చోటు విడిచె నతడు పాటలో మనకంచు
కారులోన నెవడు నోరు మెదప
డద్ద మెత్తి వినెడి పెద్దల ముందర
పాట మూగవోయె పాడుచుండ

కురుమూర్తి జాతరలో పాట ఎత్తుకుంటే ముందు వరుసలో ఉన్నవాళ్లే వంత అందుకుంటారు, ఎవరూ చెప్పక్కర్లేదు. డాలస్‌లో ఏసీ వేసుకుని ఒక్కడివే వింటే వంత ఎక్కడ్నుంచి వస్తది తమ్మీ? పాటగాడు మారిండా, వినే తావు మారిందా?

నిర్వహణ:
"మెదప / డద్ద మెత్తి" అని పాదం దాటించిన తీరుకు నా దండం.

డాలస్ (నకిరేకల్):
అన్నా, పద్యం బాగుంది, కేసు మాత్రం నిలబడదు. నేను కార్లో నోరు తెరిచే పాడతాను, సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు చూసినా సరే. ఆయన చోటు విడిచి ఉంటే నేనే అందుకునేవాణ్ణి. రెండో పాట వినండి. పాత జట్టులో మిగతా ఇద్దరూ "ఔనే" అని అందుకునే చోట ఇప్పుడు వయొలిన్లు పోశారు, సూది దూరే సందు లేదు. నాకు ఊరు గుర్తొచ్చి బాధ కాదు. పాట బాగాలేదు, అదీ బాధ.

పాలమూరు:
విన్న. వయొలిన్ల మాట నిజమే. ఐదో పాట కూడా ఒకసారి విను, అందులో ఒట్టి డప్పే ఉంది. దాని సంగతి చెప్పినంక నా కేసు కొట్టెయ్యి.

నిర్వహణ:
ఐదో పాట నేనూ విన్నాను. అక్కడ మాత్రం పాలమూరు అన్నదే గెలుపు. ఇంకో మాట. పూరణలన్నీ మళ్లీ చదివితే ఒక్కరూ అసలైన యతి (పాదం మొదటి అక్షరం మధ్యలో యతి చోట మళ్లీ కలవడం) జోలికి పోలేదు, పాదం పాదానా ప్రాసయతితోనే (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) బండి లాగించారు. ఆటవెలదిలో చెల్లుతుంది కాబట్టి అడ్డు చెప్పలేదు. వచ్చే వారం కందం, అందులో ప్రాసయతి చెల్లదు. పాదం ఆదివారం పొద్దున ఇస్తాను, డాలస్ తమ్ముడికి శనివారం రాత్రి అవుతుంది.