బీసీ 42 శాతంలో ముస్లింలు: అభ్యంతరం చట్టం మీదా, మతం మీదా?

మానేరు_తీరం:
స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం అంటూ 2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ బిల్లు పాస్ చేసినప్పటి నుంచి బీజేపీ నాయకులది ఒకటే పాట. "అందులో 10 ముస్లింలకే, అసలు బీసీలకు మిగిలేది 32." ఆ 42 శాతం అమలుకు ఇచ్చిన జీవో మీద అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చినా పాట మాత్రం ఆగలేదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు ఫార్వర్డ్ చేస్తున్నారు.

ఈ 10 ఎక్కడిది? కులగణనలో బీసీ ముస్లింలు 10.08 శాతం అని వచ్చింది. అది జనాభా లెక్క, కోటా కాదు. ఉద్యోగాల్లో బీసీల 29 శాతాన్ని ఏ 7, బి 10, సి 1, డి 7, ఇ 4 అని పంచారు. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో ఆ పంపకమే లేదు. వార్డు బీసీకి వస్తే ఏ బీసీ అయినా నిలబడొచ్చు. ఇది నాయకులకు తెలియదా? తెలిసీ అంటున్నారంటే అది ముస్లింల మీద ద్వేషం కాక ఇంకేంటి?

లా_పాయింట్:
ద్వేషం అని ముద్ర కొట్టేస్తే ఇక చర్చ దేనికి? నేను ఈ రిజర్వేషన్‌ని వ్యతిరేకిస్తా, పక్కింటి సాయిబుని కాదు. 2004లో వైఎస్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెచ్చారు, మళ్లీ కొట్టేసింది. 2007లో 4 శాతానికి తగ్గించి బీసీ-ఇ అన్నారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల బెంచ్ 5-2తో దాన్నీ కొట్టేసింది. ఇప్పుడు నడుస్తున్నది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు దయ.

బీసీ-ఇ జాబితా చివరి లైను ఎప్పుడైనా చదివారా? సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా లాంటి కొందరు తప్ప మిగతా ముస్లిం వర్గాలన్నీ. అంటే వెనకబడ్డ కులాలను ఏరుకోలేదు. మతాన్ని మొత్తంగా తీసుకుని పైవాళ్లను పక్కన పెట్టారు.

మానేరు_తీరం:
చివరి లైను మీద మీ మాట ఒప్పుకుంటా. మరి పై లైన్లు? అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, గారడీ సాయిబులు, ఫకీర్లు, ఎలుగుబంటిని ఆడించేవాళ్లు, రాళ్లు కొట్టే తురకకాశ. బట్టలుతికే రజకులు బీసీ-ఏలో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే పని చేసే తురక చాకలి జాబితాకెక్కితే దేశం ముక్కలైపోతుందా?

జాబితాలో మతం పేరే ఉండకూడదంటారా, బీసీ-సి సంగతేంటి? క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు 1 శాతం, 1970 నాటి జాబితా నుంచీ ఉంది. దాని మీద బహిరంగ సభ పెట్టినవాడిని చూపించండి. 2023 ఏప్రిల్‌లో చేవెళ్లలో అమిత్ షా రద్దు చేస్తామన్నది ముస్లిం రిజర్వేషన్‌నే. చివరి లైను సరిచేస్తాం అనలేదు.

చార్మినార్_చౌరస్తా:
మజ్లిస్ సంగతి ఒక్కరూ ఎత్తరేం? 2012లో నిర్మల్‌లో అన్న మాటలకు అక్బరుద్దీన్ జైలుకెళ్లాడు, 2022లో కేసు వీగిపోయింది. అప్పుడు మీ గొంతులు ఎక్కడికి పోయాయి? హైదరాబాద్‌లో బీసీ డివిజన్లలో 2020లో మజ్లిస్ కార్పొరేటర్లు గెలిచి కూర్చున్నారు. ఒక కుమ్మరికో, గంగపుత్రుడికో దక్కాల్సిన సీట్లవి.

సారె_తిప్పేవాడు:
మా కుమ్మరోళ్ల పేరు వాడారు కాబట్టి చెబుతున్నా. మా మండలంలో సర్పంచ్ సీటు బీసీకి వచ్చిందంటే మున్నూరు కాపుకో, గౌడ్‌కో, ముదిరాజ్‌కో పోతుంది. డబ్బూ వాళ్లదే, గడపలూ వాళ్లవే. మా ఊళ్లో సాయిబులవి పట్టుమని పది ఇళ్లు లేవు, మా సీటు వాళ్లెలా తిన్నారు? బీసీలో బీసీకి వాటా తేల్చమంటే ఏ పార్టీ ఆఫీసులోనూ టీ కూడా పోయరు. సాయిబుని తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కుమ్మరి గుర్తొస్తాడు.

చార్మినార్_చౌరస్తా:
అన్నా, నువ్వు ఏ పార్టీ?

సారె_తిప్పేవాడు:
కుండలు కొనే పార్టీ.

నడిగడ్డ_నూర్‌బాషా:
నేను దూదేకుల. మాది బీసీ-బి, ఈ 4 శాతంతో మాకు సంబంధమే లేదు. మా నాన్న విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా నానమ్మ పేరు నాగూరమ్మ, ఇంట్లో తెలుగే. ఉర్దూ రాదని సాయిబులు మమ్మల్ని సగం ముస్లింల కింద లెక్కేస్తారు. ఓట్లప్పుడు మాత్రం నిండు ముస్లింలం అయిపోతాం. లా పాయింట్ గారి తేడాలు కోర్టులో చెల్లుతాయి, మా వార్డులో ఎవడూ చూడడు.

మొన్న వానలకు మసీదు వెనక గల్లీలో మురుగు కాలువ పొంగింది. వార్డు గ్రూపులో ఫొటో పెట్టా. ఈసారి కౌన్సిలర్‌గా నిలబడదామనుకుంటున్న ఆయన మొదటి జవాబు: "మీ ఓట్లు ఎవరికి పడ్డాయో వాళ్లనే అడగండి." రెండోది ఇంకొకడు: "బిర్యానీ తగ్గించండి, కాలువ అదే తగ్గుద్ది." దానికి పడిన నవ్వు బొమ్మల్లో నాకు టెన్త్‌లో సోషల్ చెప్పిన సారుది కూడా ఉంది. ఆ గల్లీలో మూడు వడ్డెర ఇళ్లు కూడా ఉన్నాయి. వాళ్ల గుమ్మాల్లోకీ అదే నీళ్లు.

లా_పాయింట్:
ఆ మెసేజ్‌లు నీచం. కానీ వాటికీ 2007 చట్టానికీ ముడి పెట్టకండి.

మానేరు_తీరం:
ముడి వేసింది మేమా సార్? 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. డిసెంబర్‌లో గ్రేటర్ ఎన్నికలు. నాలాల గురించి, కబ్జాల గురించి మాట్లాడాల్సిన ఎన్నిక. బండి సంజయ్ పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. 2016లో 4 డివిజన్లున్న పార్టీకి 48 వచ్చాయి. ఆ ఒక్క మాటతోనే వచ్చాయనను, టీఆర్ఎస్ మీద కోపమూ ఉంది. కానీ ఆ మాటతో నష్టమైతే రాలేదని వార్డు నాయకుడికి అర్థమైంది. రాజాసింగ్‌ని 2022లో ప్రవక్త మీద మాటలకు సస్పెండ్ చేసి, 2023 ఎన్నికల ముందు సస్పెన్షన్ ఎత్తేసి టికెట్ ఇచ్చారు. ఇక కాలువ ఫొటోకి బిర్యానీ జవాబు రాక ఏమొస్తుంది?

డాలస్_బావ:
ఒక్క పార్టీనే ఎందుకు అంటారు? కేసీఆర్ ముస్లింలకు 12 శాతం అన్నాడు, 2017లో బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపి చేతులు దులుపుకున్నాడు. కాంగ్రెస్ 2023 డిసెంబర్‌లో గద్దెనెక్కి, 2025 అక్టోబర్ 31 దాకా ఒక్క ముస్లింని మంత్రిని చేయలేదు. అజహరుద్దీన్‌కి ఇచ్చింది కూడా జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక నెత్తి మీదకొచ్చాకే. ఒకరు తిట్టి ఓట్లు తెచ్చుకుంటారు, ఇంకొకరు ఇఫ్తార్‌లో టోపీ పెట్టుకుని తెచ్చుకుంటారు.

నడిగడ్డ_నూర్‌బాషా:
టోపీ పెట్టుకున్నవాడు కనీసం నా కాలువ ఫొటో చూసి నవ్వలేదు బావా. రెండూ ఒకే తక్కెడలో వేయకు.

అన్నట్టు, మా వార్డు బీసీ జనరల్‌కి వస్తే నామినేషన్ వేద్దామని ఉంది. "బీసీ సీటు తురకోడికా" అని ఇప్పటికే గుసగుసలు. లా పాయింట్ గారూ, స్క్రూటినీలో ఎవరైనా అభ్యంతరం పెడితే ఏం చేయాలి?

లా_పాయింట్:
దూదేకుల బీసీ-బి అన్నది 1970 జాబితాలోనే ఉంది, అందులో వాదించడానికి ఏమీ లేదు. కుల ధ్రువీకరణ పత్రం ఒరిజినల్ వెంట పెట్టుకోండి. అభ్యంతరం పెడితే రాతపూర్వకంగా ఇమ్మనండి, నోటిమాటకు జవాబు చెప్పకండి. ఆ కాగితం ఫొటో నాకు పంపండి. బీసీ-ఇ మీద నా మాట మాత్రం అదే.