నైబర్‌ను తెలుగుల ఏమనాలె?

నల్లగొండల డిప్లొమా పిల్లల కోసం రూటింగ్ పాఠాలు తెలుగుల రాస్తున్న. ఓఎస్‌పీఎఫ్ (ఒక నెట్‌వర్క్ లోపలి రూటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) కాడ ఆగిపోయిన. నైబర్‌కు, అంటే పక్క రూటర్‌కు, "పొరుగు" అని రాసిన, ఇబ్బంది లేదు. అడ్జసెన్సీకి (దారుల సమాచారం పూర్తిగ పంచుకునే సంబంధానికి) "పొరుగుతనం" అని రాసేసరికి ఒక పిల్ల అడిగింది: "సార్, రెండూ ఒక్కటేనా?"

ఒక్కటి గావు. అవతలి రూటర్ పంపిన హలోల (పలకరింపు సందేశంల) మన ఐడీ కనబడితే టూ-వే అయినట్టు, అంటే పలకరింపు కుదిరినట్టు. ఈథర్‌నెట్ మీద ఐదారు రూటర్లుంటే, డీఆర్ (అందరి తరఫున పెద్ద రూటర్), బీడీఆర్ (దానికి బదులు నిలబడేది) ఈ రెంటితోనే ఫుల్ దాకా, అంటే అడ్జసెన్సీ దాకా, పోతయి. మిగిలినవి వాటిల్ల అవి టూ-వే కాడనే ఉంటయి. అది తప్పనుకొని పిల్లలు గంటసేపు కాన్ఫిగరేషన్ గెలుకుతరు. ఈ తేడా మాటలనే తెలువాలె. ఏమన్న ఉన్నదా?

— మా మిర్యాలగూడ దిక్కు వాడకట్టోళ్లు అంటం సార్. వాడకట్టుల అందరినీ పలకరిస్తం, సోపతి కొందరితోనే. అడ్జసెన్సీ అంటే సోపతి.

— సోపతి మస్తుగున్నది. పరీక్షల రాస్తే మార్కులేస్తరా మరి? నోటితోని చెప్పుండ్రి, పేపర్ల అడ్జసెన్సీ అనే రాయనియ్యుండ్రి.

— పాలమూరు నుంచి. బీజీపీకి (వేరువేరు నెట్‌వర్క్‌ల నడుమ దారులు చెప్పుకునే పద్ధతికి) ఇవి అతకయి అన్నా. ఓఎస్‌పీఎఫ్ హలో 224.0.0.5 అనే ఉమ్మడి అడ్రసుకు పోతది, విన్నోడు పలుకుతడు. మామూలుగ 10 సెకన్లకోసారి పంపుతది, 40 సెకన్లు చప్పుడు లేకుంటే అవతలోడు పోయిండనుకుంటది. బీజీపీల వెతుకులాటే లేదు. అవతలోని ఐపీ అడ్రసు, ఏఎస్ నంబరు (ఆయన నెట్‌వర్క్ గుర్తింపు నంబరు) చేతితోని రాయాలె. ఆయన గూడ మనయి రాయాలె. అప్పుడు టీసీపీ 179 పోర్టు మీద మాట మొదలైతది. ఏఎస్ నంబరు తప్పు పడ్డదా, సెషన్ లేవదు. ఇది వాడకట్టు గాదు, గెట్టు. ఇద్దరు రైతులు ఒప్పుకుంటెనే గెట్టురాయి నిలబడతది.

— ఒకే ఏఎస్‌లున్న ఐబీజీపీ నైబర్ సంగతేంది?

— పాలోళ్లు (ఒకే వంశపోళ్లు)! ఒక పాలోడు చెప్పిన ముచ్చట ఇంకో పాలోనికి మోయొద్దు. ఐబీజీపీల నిజంగ గదే నియమం. అందుకే అందరూ అందరితోని నేరుగ సెషన్ పెట్టుకోవాలె, లేదంటే రూట్ రిఫ్లెక్టర్‌ను (నడుమ ముచ్చట మోసే రూటర్‌ను) కూసోబెట్టాలె.

— సోపతి, గెట్టు రెండూ పాఠంల పెడుత. పొరుగు ఓఎస్‌పీఎఫ్ నైబర్‌కే ఉంచుత. పాలోళ్లు మాత్రం పెట్టను, క్లాసుల నవ్వులాగవు.