ఉద్యోగం మారుతున్నప్పుడు పాత కారును కూడా మార్చాలా?

దూరప్రయాణి:
సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో నేను ఉద్యోగం మారుతున్నాను. ఇప్పటి కార్యాలయం ఇంటికి 12 కిలోమీటర్ల దూరంలో ఉంది, కొత్తది 45 కిలోమీటర్ల దూరంలో ఉంది, అందులో ఎక్కువ భాగం హైవే. నా పెట్రోలు కారుకు 13 ఏళ్లు నిండాయి. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది, లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తోంది. ఇంతవరకు ఎప్పుడూ దారిలో ఆగిపోలేదు కానీ, గతుకుల మీద ముందు చక్రాల వైపు నుంచి శబ్దం వస్తోంది. కొత్త చోట మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. చేరకముందే కారు మార్చుకోవాలా, లేక దీనితోనే కొంతకాలం నెట్టుకురావాలా? ఇంట్లో అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి కనుక కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తొలిపొద్దు:
చేరకముందే మార్చండి. రోజువారీ దూరం దాదాపు నాలుగు రెట్లు అవుతోంది. ఇంటి దగ్గర ఆగిపోయిన కారు చిన్న ఇబ్బందే కానీ, హైవే మధ్యలో ఆగిపోయిన కారు ఒక పనిదినాన్ని మింగేస్తుంది. కొత్తవారి పనితీరును అందరూ గమనించే మొదటి నెలల్లోనే అలా జరిగితే దాని ప్రభావం ఉద్యోగం మీదే పడుతుంది. రుణం విషయంలో కూడా ఇప్పుడే మీకు అనుకూలం. ఒకే సంస్థలో కొన్నేళ్లుగా వస్తున్న జీతం చీటీలు మీ చేతిలో ఉన్నాయి. చేరిన తరువాత అడిగితే, ప్రొబేషన్ పూర్తయ్యాక రమ్మని బ్యాంకు అనవచ్చు.

లెక్కలపుస్తకం:
ముందు ఇంధనం సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్త కారుకు అనుకూలంగా మొదట వినిపించే వాదన అదే. ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే, రోజుకు 90 కిలోమీటర్ల చొప్పున 21,600 కిలోమీటర్లు అవుతాయి. లీటరుకు 14 ఇచ్చే కారు దానికి సుమారు 1,543 లీటర్లు తాగుతుంది, 20 ఇచ్చే కారు 1,080 లీటర్లు తాగుతుంది. అంటే ఏడాదికి 463 లీటర్లు ఆదా. ఇప్పటి 12 కిలోమీటర్ల దూరానికైతే ఈ ఆదా 123 లీటర్లే. కనుక దూరం పెరగడం వల్ల కొత్త కారు వాదనకు బలం వచ్చిన మాట నిజం. కానీ ఆ 463 లీటర్ల ఖరీదును మీ ప్రాంతపు ధరతో లెక్కకట్టి, కొత్త కారు మొదటి ఏడాదిలో కోల్పోయే విలువ పక్కన పెట్టి చూడండి. కొత్త కారు విలువ అన్నిటికన్నా వేగంగా పడిపోయేది ఆ మొదటి ఏడాదిలోనే. దానికి వడ్డీని, పెరిగే బీమా ప్రీమియాన్ని కూడా కలిపితే, చాలా సందర్భాల్లో ఇంధనపు ఆదా వాటి దరిదాపులకు రాదు.

ఇంకొక మాట. "ఈ మరమ్మతుకయ్యే డబ్బు కారు విలువ కన్నా ఎక్కువ, ఎందుకు దండగ" అని చాలామంది అంటారు. ఆ పోలికే సరైనది కాదని నా అభిప్రాయం. మనం కారును అమ్మడం లేదు, దానిలో ప్రయాణించబోతున్నాం. పోల్చవలసింది మరమ్మతు ఖర్చును, దాని వల్ల మనం వాయిదా వేయగలిగిన కొత్త కారు ఏడాది ఖర్చుతో.

రుణం గురించి తొలిపొద్దు గారు చెప్పిన సలహాతో నేను ఏకీభవించలేను. దరఖాస్తులో ఉద్యోగ వివరాలు అడుగుతారు. రాజీనామా ఇచ్చిన విషయం దాచి సంతకం చేయడం నిజాయితీ కాదు, తరువాత చిక్కులకు కూడా దారితీయవచ్చు. అంతకుమించి, తక్కువ నోటీసుతో ఇరుపక్షాల్లో ఎవరైనా విడిపోగలిగే ఆరు నెలల కాలంలోకి ఏళ్ల తరబడి సాగే వాయిదాల భారంతో అడుగుపెట్టడం నాకు ఆందోళన కలిగిస్తోంది. కొత్త చోటు నచ్చకపోతే వదిలి రాగల స్వేచ్ఛను ఆ వాయిదా హరిస్తుంది.

గ్యారేజీ:
కార్ల మరమ్మతే నా వృత్తి. దూరం నాలుగు రెట్లయితే అరుగుదల కూడా నాలుగు రెట్లవుతుందనే భావన సరికాదు. ఇంజిన్‌కు ఎక్కువ హాని చేసేవి చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టే చిన్న ప్రయాణాలు. ఆయిల్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే, అందులో చేరిన తేమా పెట్రోలు అవశేషాలూ ఆవిరి కాకుండా అక్కడే మిగిలిపోతాయి, సైలెన్సర్ లోపల నీరు నిలిచి తుప్పు పడుతుంది. నిలకడైన వేగంతో సాగే హైవే ప్రయాణంలో క్లచ్చుకూ బ్రేకులకూ గేర్లకూ పని తగ్గుతుంది. రద్దీలో తిరిగే 12 కిలోమీటర్ల కన్నా హైవే మీది 12 కిలోమీటర్లు కారుకు చాలా తేలిక.

అయితే హైవే కొన్ని బలహీనతలను దాచనివ్వదు. వాటిలో మొదటిది శీతలీకరణ వ్యవస్థ. పాత రబ్బరు గొట్టాలు, రేడియేటర్, వాటర్ పంపు ఊరిలో ఏ ఇబ్బందీ చూపకపోయినా, ఎక్కువసేపు సాగే వేగం దగ్గర లోపాన్ని బయటపెట్టవచ్చు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉంటే, పైకి కారడం కనిపించకపోయినా, అది ఎక్కడికి పోతోందో తేల్చుకోకుండా ఆ దారి పట్టవద్దు. తరువాత టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ. మీ ఇంజిన్‌లో గొలుసు కాక బెల్ట్ ఉంటే, దానిని ఎప్పుడు మార్చారో బిల్లు వెతకండి. చాలా ఇంజిన్లలో 1,00,000 కిలోమీటర్ల చుట్టుపక్కల, లేదా నిర్ణీత సంవత్సరాలకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలని ఉంటుంది. కచ్చితమైన గడువు కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. చాలా ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, అప్పుడు ఇంజిన్ విప్పక తప్పదు. ముందస్తు హెచ్చరిక లేకుండానే అది తెగిపోగలదు కనుక, "ఇంతవరకు దారిలో ఆగలేదు" అనే మాట ఈ ఒక్క భాగం విషయంలో దేనికీ హామీ కాదు.

టైరు పక్కగోడ మీద డాట్ సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు బాగున్నంత మాత్రాన పాత టైరును నమ్మకూడదు, రబ్బరు వయసుతో గట్టిపడి పట్టు కోల్పోతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సాధారణంగా రెండేళ్లకొకసారి మార్చాలి.

మీరు చెప్పిన శబ్దం చక్రాలను కారుకు కలిపే సస్పెన్షన్ భాగాలది, అంటే బుష్‌లదో, లింకు రాడ్లదో, బాల్ జాయింట్లదో కావచ్చు. మొదటి రెండూ చవకైన పనులే. బాల్ జాయింట్ అయితే, అది చక్రాన్ని పట్టి ఉంచే కీలు కనుక, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. కారును లిఫ్టు మీదికి ఎత్తించి అడుగుభాగం చూడమనండి. సస్పెన్షన్ బిగించే చోట్ల, తలుపుల కింది పట్టీల్లో లోహం తుప్పు పట్టి చిల్లులు పడి ఉంటే, ఆ కారు మీద ఇక డబ్బు పెట్టవద్దనే నేను చెబుతాను. అక్కడ గట్టిగా ఉండి, లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షలో సిలిండర్లన్నీ దాదాపు సమానంగా చూపిస్తే, ఇది ఇంకా పనికొచ్చే కారు.

తొలిపొద్దు:
రుణం విషయంలో నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కారు విషయంలో నా మాట మీదే ఉన్నాను. అది ఆగుతుందా, ఆగదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగం 100 అయితే, ప్రమాదంలో శరీరం భరించవలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. స్కిడ్ అయ్యే కారును తనంతట తానుగా అదుపులోకి తెచ్చే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 1995లోనే మార్కెట్‌లోకి వచ్చింది. అమెరికా దానిని 2012 మోడళ్ల నుంచి, ఐరోపా సమాఖ్య 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశాయి. అంతకుముందు తయారైన కార్లలో, ముఖ్యంగా తక్కువ ధర మోడళ్లలో, అది లేకపోవచ్చు. బెల్ట్ మార్చవచ్చు, టైర్లు మార్చవచ్చు, కానీ తయారీలోనే లేని రక్షణను ఏ మెకానిక్కూ బిగించలేడు.

గ్యారేజీ:
ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు, అది నిజం. దానికి మరొకటి కలుపుతాను. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు వేడి, తేమల వల్ల లోపలి రసాయనం పాడై, విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలను విసిరే లోపంతో ప్రపంచవ్యాప్తంగా కోట్లాది కార్లను వెనక్కి పిలిపించారు. మీ కారు వయసు వాటిలో చాలా మోడళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఛాసిస్ నంబరుతో కంపెనీ వద్ద విచారిస్తే తెలిసిపోతుంది, మార్పిడికి డబ్బు తీసుకోరు. కారు ఉంచుకున్నా అమ్మినా ఇది ముందు చేయండి.

లెక్కలపుస్తకం:
భద్రత కోసం మార్చడమంటే కొత్తదే కొనాలని కాదు. మూడు నాలుగేళ్లు వాడిన కారులో ఆ రక్షణ ఉండే అవకాశం ఎక్కువ, విలువ పడిపోవడంలో ఎక్కువ భాగం మొదటి యజమాని భరించి ఉంటారు. ప్రొబేషన్ ఆరు నెలలూ కట్టబోయే వాయిదా మొత్తాన్ని ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. ఆ మొత్తం పక్కకు తీయడమే కష్టమైతే, వాయిదా మీ శక్తికి మించినదని అప్పు చేయకముందే తెలుస్తుంది. తేలికగా తీయగలిగితే, అదే మీ తొలి చెల్లింపు.

దూరప్రయాణి:
అందరికీ కృతజ్ఞతలు. పుస్తకం తీసి చూశాను. కారుకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉంది, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. బెల్ట్ మార్చినట్టు బిల్లు ఎక్కడా దొరకలేదు. ఈ వారమే లిఫ్టు మీద తనిఖీ చేయిస్తాను. అడుగుభాగం బాగుంటే బెల్ట్, వాటర్ పంపు, కూలెంట్ కలిపి ఒకేసారి మార్పిస్తాను. ప్రొబేషన్ ముగిసేవరకు డబ్బు పక్కన పెట్టి, తరువాత స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న వాడిన కారు చూస్తాను. తుప్పు బయటపడితే మాత్రం ఆగను, ఉన్న పొదుపుతో అప్పు లేకుండా ఏది వస్తే అది చూసుకుంటాను.

తొలిపొద్దు:
ఆరు నెలలు ఎక్కువని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. అంతవరకు ఆ కారులోనే వెళ్లక తప్పదంటే, మిగిలిన వాటికన్నా ముందు నాలుగు టైర్లూ మార్చండి, వాన పడే రోజు 80 దాటకండి.

దూరప్రయాణి:
టైర్ల మీద అంకెలు చూసి వచ్చాను. వెనుక రెండూ తొమ్మిదేళ్ల నాటివి. నాలుగూ మార్పిస్తున్నాను.